పూత మందు

2024 అక్టోబరు 14

తాగలేదు, తాగలేదు అని మొత్తుకుంటున్నాడు మనిషి. ఒక్కడూ వినడే!

మధ్యాహ్నం క్యాజువాల్టీలో నేనే డ్యూటీ. రాజుపాలెం అవతలి ఊరి నుంచి ఆటోలో వేసుకొచ్చారు. పేరు ఆంజనేయులు. మిరప చేలల్లో మందు కొట్టే కూలీ. పెదాలు నేరేడుపళ్ళు తిన్నట్టున్నాయి. గోళ్ళూ అంతే. మాట్లాడుతున్నాడు గానీ ఊపిరి అందట్లా. మా వాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే, ఏ పురుగుమందు తాగాడు అని. ఈ పల్నాడులో చేలో పడిపోయి వచ్చిన ప్రతివాడూ తాగే వచ్చాడని మా నమ్మకం. పెళ్ళాంతో గొడవ పడ్డాడా అనేది రెండో ప్రశ్న.

ఆ పెళ్ళాం పక్కనే ఉంది. మల్లీశ్వరి. తాగలేదు మేడం, పొద్దున్నుంచి పంపు వీపునేసుకుని కొడుతున్నాడు, అది కారి చొక్కా అంతా తడిసింది, అంతే అని ఏడుస్తోంది. చేను ఆసామి మాత్రం ఒక పెద్ద డబ్బా తెచ్చి నా టేబుల్ మీద పెట్టి ఇదీ మందు అన్నాడు. పేరున్న మందు. ఘాటు మందు. ఆ పేరు వినగానే అందరం పరుగులు పెట్టాం. తర్వాత తెలిసింది, ఉన్నవాటిల్లో ఘాటైనది కావాలనే ఏరి తెచ్చాడంట. చిన్న మందు పేరు చెబితే డాక్టర్లు బెంచీ మీద కూర్చోబెడతారు, పెద్ద మందు పేరు చెబితే లేచి వస్తారని మనోళ్ళ లెక్క. లెక్క తప్పేం కాదు. అదే నాకు ఒళ్ళు మండిస్తోంది.

పురుగుమందుకి విరుగుడు ఆట్రోపిన్ మొదలుపెట్టించాను. ఆర్డర్ నాదే. కంటిపాపలు చిన్నబడలా. నోట్లో నురగ లేదు, చొంగ లేదు. పురుగుమందు తాగిన లక్షణం ఒక్కటీ లేదు. అయినా పెట్టించాను, అందరూ అదే పెడతారు కాబట్టి. రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ 84, తొంభై ఐదు దాటాలి. ఆక్సిజన్ పెట్టాం. 84. ఇంకా పెంచాం. 84. వేలికి పెట్టే క్లిప్పు మార్చాం. అదే 84. మిషన్ పాడైందని తీర్మానించారు.

సాయంత్రానికి ఆట్రోపిన్ తలకెక్కింది. గాల్లో దారాలు లాగుతున్నాడు. చేతులు మంచానికి కట్టేశాం. కట్టేసినా అదే మాట, తాగలేదు.

డ్యూటీ దిగొచ్చాను. అన్నం దిగట్లా.

అక్టోబరు 15

యా అల్లా. రక్తం అట్టా ఉంటదా!

పొద్దున ప్రిస్కిల్లా సిస్టర్ ఆంజనేయులుకి బ్లడ్ తీస్తా తీస్తా ఆగిపోయింది. సిరంజి ఎత్తి నాకు చూపించింది. కాఫీ డికాక్షన్ రంగు. ఇన్నేళ్ళ సర్వీసులో ఇట్టాంటిది చూళ్ళేదంది. ఒక చుక్క గాజుగుడ్డ మీద వేసి గాల్లో ఊపాను. గాలి తగిలితే ఎర్రబడాలి. పడలా. అట్టాగే గోధుమరంగులో ఎండిపోయింది.

ఆయన చొక్కా పోలీసు కేసు కోసం కవర్లో కట్టి పెట్టారు. విప్పి వాసన చూశాను. పురుగుమందు కంపు ఉంది. దాని అడుగున ఇంకోటుంది. బూట్ పాలిష్ వాసన. చెప్పుల్లేకుండా చేలో తిరిగే మనిషికి బూట్ పాలిష్ ఏంది?

మల్లీశ్వరిని కూర్చోబెట్టి ట్యాంకులో ఏమేం కలిపారో అడిగాను. తామర పురుగుకొకటి, ముడతకొకటి, లద్దె పురుగుకొకటి, ఒక పొడి అంది. ఇంకా? ఇంకేం లేదంది. ఇంకా? లేదంటుంటే నమ్మవేంది మేడం అని విసుక్కుంది. నేనూ గొంతు పెంచాను, పొద్దున చేలోకి ఏమేం మోసుకెళ్ళారో మంచినీళ్ళ సీసాతో సహా చెప్పు అని. అప్పుడు చెప్పింది. బలం మందు ఉంది కదా, పూత మందు, అయినా అది పురుగుమందు కాదుగా, చెట్టుకి టానిక్కేగా అని.

టానిక్కంట!

కొన్ని పూత మందుల్లో నైట్రోబెంజీన్ ఉంటది. మిరప చెట్టు విరగబూస్తదని కొడతారు. అది చర్మం గుండా ఒంట్లోకి పోయి, రక్తం ఆక్సిజన్ మొయ్యకుండా చేసేస్తది. మెథ్‌హీమోగ్లోబినీమియా. ఎంబీబీఎస్‌లో ఒక పేరా చదివాను, పరీక్షలో రాలేదని మర్చిపోయాను. మేం అడిగింది ఏ పురుగుమందు అని. వాళ్ళు చెప్పింది పురుగుమందుల పేర్లే. ఎవరూ అబద్ధం చెప్పలా. మేం అడగడమే తప్పుగా అడిగాం. ఎన్నేళ్ళ నుంచి ఇట్టా అడుగుతున్నామో!

విరుగుడు మిథిలీన్ బ్లూ. ఫార్మసీలో లేదు. థియేటర్లో ఉంటది, సర్జన్లు ఫిస్టులా పుండు లోపలి దారి కనుక్కోవడానికి రంగులాగా వాడతారు. పరిగెత్తాను. ఇండెంట్ కాగితం ఉందా అని అడిగారు. మనిషున్నాడు అన్నాను. ఇచ్చారు.

నీలం సిరా లాంటిది నరంలోకి పోతుంటే మల్లీశ్వరి గుడ్లప్పగించి చూస్తోంది. టీ తాగేంతసేపట్లో ఆ పెదాలు మనిషి పెదాల్లా అయినయ్. ప్రిస్కిల్లా సిస్టర్ ప్రభువా అని గుండెల మీద చెయ్యేసుకుంది. ఆట్రోపిన్ పీకేశాం, కట్లు విప్పాం. కాసేపటికి ఉచ్చ ఆకుపచ్చగా వస్తోందని మల్లీశ్వరి వార్డంతా కేకలు. ఆ నీలం మందు రంగేనమ్మా, భయం లేదని చెప్పాను.

తెలివొచ్చాక ఆంజనేయులు మొదటి మాట, నేను తాగలేదండీ. నమ్మానయ్యా అన్నాను. అప్పుడు ఏడ్చాడు.

అక్టోబరు 16

హనుమంతరావు సార్ రౌండ్స్. సార్ నా డీఎన్‌బీ పీజీ చదువుకి గైడ్. మంచాయన, ఆ మాట కాదనను. ఆంజనేయులు మంచం దగ్గర నిలబడి నేను కేసు చెప్తుంటే సార్ మొహం కొత్త పెళ్ళికొడుకులా వెలిగిపోయింది. బ్యూటిఫుల్ కేస్ అన్నారు. రెండుసార్లు అన్నారు.

ఆ బ్యూటీ మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటోంది. మణికట్ల మీద కట్టేసిన తాళ్ళ గుర్తులు ఇంకా పోలా.

పీజీలంతా ఫోన్లు తీశారు. గోళ్ళు ఫోటో, నాలిక ఫోటో, ఆ గాజుగుడ్డ మీద రక్తం ఫోటో. ఒకడు నాలిక ఇంకొంచెం బయటపెట్టమన్నాడు. పెట్టాడు పాపం. ఎద్దు పుండు కాకికి ముద్దంట. మా అమ్మీ ఆ సామెత ఊరికే చెప్పేదనుకునేదాన్ని.

పేపర్ రాద్దాం, మొదటి పేరు నీదే అన్నారు సార్. థాంక్యూ సార్ అన్నాను. పళ్ళికిలించాను కూడా.

అక్టోబరు 19

ఆంజనేయులు పెదాలు మళ్ళీ నీలం. ఒంటి కొవ్వులో దాక్కున్న మందు తిరిగి రక్తంలోకి వస్తది, పుస్తకంలో ఉంది. ముందు చూసింది మల్లీశ్వరి. డ్యూటీ డాక్టర్ని లాక్కొచ్చి, నీలం ఇంజెక్షన్ వేస్తావా వెయ్యవా అని కూర్చుందంట. వేశారు. తగ్గింది.

నోరున్న ఆడదాన్ని చూస్తే ప్రాణం లేచొస్తది.

అక్టోబరు 23

ఆంజనేయులు డిశ్చార్జి. తీసుకెళ్ళడానికి తమ్ముడు శ్రీకాంత్ వచ్చాడు. మనిషి నిలబడ్డ చోట నిలబడడు. ప్రిస్కిల్లా సిస్టర్ని ఏడిపించాడు, మా అన్న రక్తం బదులు బ్రూ కాఫీ ఎక్కించారా అని. నన్ను డాక్టరమ్మా అంటూనే పేరేందని అడిగాడు. తస్లీమ్, మాది మాచర్ల అంటే, మాచర్లోళ్ళా, అయితే జాగ్రత్తగా మాట్లాడాల అన్నాడు. వార్డంతా నవ్వారు. నేనూ నవ్వాను.

ఇక అన్న కొట్టే చేలకి తనే మందు కొడతాడంట. నా నవ్వు ఆగిపోయింది. కారే పంపు వేసుకోవద్దు, వీపుకి ప్లాస్టిక్ కట్టుకో, ఆ పూత మందు చేత్తో కలపొద్దు, అసలు దాన్ని మానెయ్యమని చెప్పాను. పూత రాకపోతే ఆసామి ఊరుకుంటాడా అన్నాడు. పక్క చేను విరగబూసి మన చేను బోడిగా ఉంటే ఊళ్ళో తిరగలేడంట ఆసామి. మల్లీశ్వరిని పక్కకి పిలిచి చెప్పాను, ఎవరికన్నా పెదాలు నీలం తిరిగితే నీలం ఇంజెక్షన్ అడుగు, ఈడికే తీసుకురా అని. నా నంబరు ఇచ్చాను. నీలం ఇంజెక్షన్, నీలం ఇంజెక్షన్ అని రెండుసార్లు అనుకుంది.

తర్వాత సార్ రూముకి పోయాను. ఇది పూత సీజను సార్, డిసెంబరు దాకా కొడతానే ఉంటారు. చుట్టుపక్కల ఆస్పత్రులన్నిటికీ, ఆర్ఎంపీలకి కూడా చెబుదాం, పూత మందు గురించి అడగమని, మిథిలీన్ బ్లూ దగ్గర పెట్టుకోమని. ఒక్క పేజీ చాలు, రేపే పంపిద్దాం అన్నాను.

సార్ కుర్చీలో వెనక్కి వాలారు. ఒక్క కేసుతో చెబితే పుకారమ్మా అన్నారు. చొక్కా శాంపిల్ ల్యాబ్ రిపోర్టు రాలేదు. పూత మందు అన్నామంటే కంపెనీలోళ్ళు, డీలర్లు ఊరుకోరు. ముందే బయట పెడితే జర్నల్ తీసుకోదు. అచ్చైతే దేశమంతా వింటది, లేకపోతే మన మాట నర్సరావుపేట దాటదు. ఆయన చెప్పే ప్రతి ముక్కలోనూ కొంత నిజముంది. అందుకే ఇంకా తిక్క రేగుద్ది.

చివర్లో అన్నారు, తొందరెందుకు, ఇంకో మూడు కేసులు రానీ అని.

అక్టోబరు 24

రానీ అంట. వానలు రానీ అన్నట్టు.

నవంబరు 2

వచ్చింది. రెండో కేసు. గురజాల వైపు నుంచి ఒకామె, కలుపుకి పోయి, మందు కొట్టిన చేలో తడి ఆకుల మధ్య పొద్దంతా నడిచింది. ఈసారి నేను పురుగుమందు అనే మాటే ఎత్తలా. చెట్టుకి ఏమేం పోశారు, బలానికేం పోశారు అని అడిగాను. వెంటనే చెప్పారు. నీలం వేశాం, బతికింది.

సంతోషంగా సార్‌కి ఫోన్ చేస్తే, గుడ్, రెండు అన్నారు.

లెక్కపెడుతున్నాడాయన. నేను మనిషి బతికిందని చెప్పడానికి చేశాను, ఆయన రెండు అంటాడు! ఫోన్ పెట్టేశాక మెట్ల మీద కూర్చుని తిట్టుకున్నాను. ఉర్దూలో, తెలుగులో. ప్రిస్కిల్లా సిస్టర్ టీ తెచ్చిచ్చి, రక్తపోటు తెచ్చుకోబాకు తల్లీ, పెళ్ళి కావాల్సిన దానివి అంది. ఆమెనీ తిట్టాను.

నవంబరు 5

వాజిద్‌తో ఫోన్లో కొట్లాట.

నా తమ్ముడు. మాచర్లలో స్ప్రేయర్ల రిపేరు కొట్టు. మా అబ్బా పెట్టిన కొట్టే. ఊళ్ళో సగం పంపులు వాడి చేతుల మీదుగా పోవాల్సిందే. వాషర్ మార్చుకోండ్రా కారుతోంది అంటే, ఈ సీజనుకి గుడ్డ కట్టెయ్యి భాయ్ అంటారంట. ఇట్టా ఆస్పత్రిలో జరిగిందిరా అని వాడికి చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయా.

అయితే చెప్పు ఆపా, గ్రూపులో పెడతా, రైతులంతా నా గ్రూపులోనే ఉన్నారు అన్నాడు. వద్దురా, సార్ వద్దన్నారు, పేపర్ రావాలి అన్నాను. ఏ పేపరు, రేపటి పేపరా అని అడిగాడు. కాదు, జర్నల్, ఆర్నెల్లో ఏడాదో పడుద్ది అన్నాను.

ఇక వాడు అందుకున్నాడు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు, ఇదేనా మీ డాక్టరీ అన్నాడు. నిన్ను చదివించడానికి అబ్బా కొట్టులో గ్రీజు నాకాడు, నువ్వు నోరు మూసుకోవడం నేర్చుకుని వచ్చావా అన్నాడు. రూల్స్ నీకేం తెలుసురా అని అరిచి పెట్టేశాను.

రూల్స్ నాకేం తెలుసు?

నవంబరు 11

సార్ నా పేపర్ డ్రాఫ్ట్ చూశారు. చానా బాగా రాశావమ్మా అన్నారు. మొదటి పేరు నాదే ఉంచారు. జర్నల్ ఫీజు కూడా ఆయనే కడతారంట. సార్ నా రాతని ఎత్తుకుపోయే రకమైతే ఎంత బాగుండేది! హాయిగా తిట్టుకునేదాన్ని. ఆయనకి నిజంగానే సైన్స్ అంటే ప్రేమ. నిమ్మకి నీరెత్తినట్టు కూర్చుని ప్రేమిస్తారు.

స్క్రీన్ మీద నా పేరు చూసుకుని మురిశాను. దాయడమెందుకు. మళ్ళీ అడుగుదామనుకున్న ఆ ఒక్క పేజీ మాట, మురిపెంలో అడగలా.

నవంబరు 17, సాయంత్రం

శ్రీకాంత్ చచ్చిపోయాడు.

మధ్యాహ్నం చేలోనే పడ్డాడంట. దగ్గర్లో ఉన్న ఒక నర్సింగ్ హోంకి తీసుకెళ్ళారు. ఆ ఆసామి మళ్ళీ ఘాటు మందు డబ్బా పట్టుకెళ్ళాడు. మల్లీశ్వరి వెనకే ఆటోలో పోయింది. పెదాలు చూసింది, గోళ్ళు చూసింది. మా ఆయనకొచ్చిందే ఇది, పూత మందు, నీలం ఇంజెక్షన్ వెయ్యండి అని చెప్పింది. ఏ నీలం ఇంజెక్షన్ అని అడిగారంట. నీలం సిరా లాగుంటది అంది. ఒకడు నవ్వాడంట. పెన్నులో పోసుకునే సిరా తెస్తావా అన్నాడంట. పూత మందుకి మనుషులు చావరమ్మా, తాగిన సంగతి దాచకుండా చెప్పు అని బయటికి పంపి తలుపేశారు. లోపల ఆట్రోపిన్ ఎక్కిస్తా కూర్చున్నారు. నేను నెల కిందట ఎక్కించినట్టే.

తలుపు బాదిందంట. బాది బాది నాకు ఫోన్ చేసింది. ఒకసారి కాదు, చేస్తానే ఉంది. నేను ఎత్తలా. ఫోన్ సైలెంట్‌లో ఉంది. సార్ రూములో ఉన్నాను. ఏం చేస్తున్నానంటే, ఆంజనేయులు రక్తం ఫోటో, ఆ గాజుగుడ్డ ఫోటో, జర్నల్ అడిగిన సైజుకి కత్తిరిస్తున్నాను. రంగు సరిగ్గా కనపడాలని సార్ వెలుతురు పెంచమంటే పెంచుతున్నాను.

ఆఖరికి వాళ్ళే చేతులెత్తేసి మా దగ్గరికి పంపారు. అంబులెన్స్ తలుపు తీసేసరికి నాడి లేదు. గుండె నొక్కాం. ప్రిస్కిల్లా సిస్టర్ నా చేతిలో నీలం సిరంజి పెట్టింది. ఎక్కించాను. సిస్టర్ చాలమ్మా అనేదాకా ఎక్కించాను. నవ్వించిన నోరు నల్లగా అట్టాగే ఉంది.

మల్లీశ్వరి ఏడవలా. నా కోటు కాలరు రెండు చేతులా పట్టుకుంది. సెక్యూరిటీ వస్తుంటే నేనే ఆగమన్నాను. నాకు చెప్పావు కదే అంది. చదువు రానిదాన్ని, నాకు చెప్పావు. వాళ్ళకెందుకు చెప్పలేదు అంది.

నా దగ్గర డ్రాఫ్ట్ ఉంది.

నవంబరు 18

సార్‌కి చెప్పాను. కళ్ళద్దాలు తీసి చానాసేపు మొహం రుద్దుకున్నారు. బాధపడ్డారు, అది చూశాను. బాధపడి, అద్దాలు పెట్టుకుని, శాంపిల్ తీశామా అని అడిగారు.

తీశామో లేదో చెప్పకుండా లేచొచ్చాను. స్కూటర్ స్టాండ్ దగ్గరికి పోయి, నా బండి మీద కూర్చుని ఫోన్ తీసి రికార్డు నొక్కాను. రాసుకోలా. ఆలోచించలా. నోటికి ఎట్టా వస్తే అట్టా మాట్లాడాను. మళ్ళీ వింటే ఇట్టా ఉంది:

వినండి. నా పేరు అనవసరం, నేనొక డాక్టర్ని. మిరపకి పూత మందు కొట్టే ప్రతి ఒక్కరూ వినండి. బలం మందు అంటున్నారే, అది చెట్టుకి బలం, మీకు విషం. తాగక్కర్లా. పంపు కారి వీపు తడిస్తే చాలు. పెదాలు, గోళ్ళు నీలం తిరిగితే బట్టలు విప్పేసి సబ్బుతో కడిగి ఆస్పత్రికి లగెత్తండి. ట్యాంకులో కలిపిన డబ్బాలన్నీ పట్టుకెళ్ళండి. ఘాటుది ఒక్కటే ఏరి పట్టుకుపోయి తెలివితేటలు చూపించబాకండి. ఇప్పుడు డాక్టర్లూ, సిస్టర్లూ, ఆర్ఎంపీలూ, మీరు వినండ్రా. ఏ పురుగుమందు తాగాడని అడగడం ఆపండి. ముందు ఆ బలం మందు సంగతి అడగండ్రా. ఆక్సిజన్ ఎంత పెట్టినా శాచురేషన్ ఎనభై ఐదు దగ్గరే నిలబడిందా? రక్తం కాఫీ రంగులో ఉందా? చొక్కా బూట్ పాలిష్ వాసనొస్తోందా? మిథిలీన్ బ్లూ. మీ థియేటర్ బీరువాలోనే పడుంటది. డోసు పుస్తకంలో ఉంది, ఎవరికి వెయ్యకూడదో కూడా ఉంది, తీసి చదవండి. నీలం ఇంజెక్షన్ అని ఒక ఆడమనిషి తలుపు బాదితే తలుపు తియ్యండి. నవ్వబాకండి. ఆమెకి మీకంటే ముందే తెలిసింది. ఎందుకు తెలిసిందంటే ఆమె ఇంట్లో మనిషికి వచ్చింది కాబట్టి. నిన్న తలుపు తియ్యలేదు. మనిషి పోయాడు.

వాజిద్‌కి పంపాను. ఏమీ రాయలా. కాసేపటికి, పంపించా ఆపా, అందరికీ అని మెసేజ్ పెట్టాడు.

నవంబరు 21

ఆ వాయిస్ ఊళ్ళు తిరిగి మా హాస్టల్ మెస్‌కే వచ్చింది. మెస్ ఆమె చపాతీలు కాలుస్తా వింటోంది. ఈ తిట్లమ్మ ఎవరో గానీ మంచిపని చేసిందంది. ఇంకో చపాతీ వెయ్యి అన్నాను.

సార్ పిలిచారు. సూపరింటెండెంట్‌కి ఎవరో డీలర్లు ఫోన్ చేశారంట, ఆ గొంతు మీ డాక్టర్‌దేనంట, కేసు వేస్తారంట. నువ్వేనా అన్నారు సార్. నేనే అన్నాను. ఒక్క మాట నాతో అనాల్సింది కదమ్మా అన్నారు. అన్నాను సార్, అక్టోబరులో అన్నాను.

పేపర్ ఇక పోయినట్టే అన్నారు. నా థీసిస్ టాపిక్ మారుద్దంట. వివరణ రాసివ్వాలంట. విచారణ కమిటీ తేల్చేదాకా వార్డులో వద్దు, క్యాజువాల్టీలోనే ఉండమన్నారు. అన్నీ అయ్యాక, గుమ్మం దగ్గర ఆపి, డాక్టర్లని పట్టుకుని వినండ్రా అనడమేంది, అది మాత్రం బాగాలేదు అన్నారు.

ఒక మనిషి పోయాడు. ఈయనకి 'రా' గుచ్చుకుంది.

కోపం తగ్గుద్దేమోనని రాస్తున్నా. తగ్గట్లా. డీలర్ల మీద, సార్ మీద, ఆ నవ్వినోడి మీద. వెలుతురు పెంచుతా కూర్చున్న నా చేతుల మీద.

నవంబరు 27

శ్రీకాంత్ పెద్దకర్మ. పోవాలా వద్దా అని పొద్దున దాకా ఊగిసలాడి పోయాను. ఆంజనేయులు మంచం వేసి కూర్చోబెట్టాడు. మనిషి సగమయ్యాడు. మా తమ్ముడు తాగలేదండీ అన్నాడు నాతో, అదొక్కటే.

పంపు ఇంకా గోడకి వేలాడతానే ఉంది. వాషర్‌కి గుడ్డ కట్టి ఉంది.

ఊళ్ళోవాళ్ళు అరుగు మీద ఆ వాయిస్ పెట్టుకుని వింటున్నారు. ఎవరో కోపిష్టి డాక్టరమ్మంట అని నాకే చెప్పారు. మల్లీశ్వరికి గొంతు తెలుసు. చెప్పలా. బస్సు దాకా నాతో నడిచొచ్చింది. ఎండ, దుమ్ము, రెండు వైపులా మిరప చేలు తెల్లగా పూసి ఉన్నాయి. నేను సారీ అందామనుకుంటూనే నడిచాను.

బస్సు వచ్చేటప్పుడు అంది. ఆ తిట్టేదేదో ముందే తిట్టి ఉంటే పోయేది కదమ్మా అని.

డిసెంబరు 6

క్యాజువాల్టీ.

ఒక పెద్దాయన భార్యని ఆటోలో తెచ్చాడు. ఆమె పెదాలు నీలం. ఆమెని ఇంకా దించకముందే గోతం విప్పి నా టేబుల్ మీద గుమ్మరించాడు. డబ్బాలు, పొడులు, చివరికి సగం వాడిన బలం మందు సీసా. నేను నోరు తెరవబోతే చెయ్యడ్డం పెట్టాడు. ఆగమ్మాయ్, చిన్నపిల్లవి, నీకు తెలియకపోవచ్చు, ముందిది విను అని ఫోన్ నా చెవికి ఆనించాడు.

వినండ్రా, అంటోంది నా గొంతు.

ఈమె చెప్పినట్టు చెయ్యి అన్నాడు.

ప్రిస్కిల్లా సిస్టర్ అప్పటికే నీలం సిరంజిలోకి ఎక్కిస్తోంది.

చేశాను.